వార్నిష్ వాసన వస్తే పాడైనట్టేనా? మార్టినిక్ తెల్ల రమ్ రుచి చూసే పద్ధతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పారిస్ విమానాశ్రయంలో మార్టినిక్ (కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచ్ ద్వీపం) తెల్ల రమ్ కొన్నారు. సీసా మీద ఆల్కహాల్ 50 శాతం అని ఉంది. గ్లాసులో పోయగానే వార్నిష్ వాసన, వెనకాలే పచ్చిగడ్డి, ఉప్పునీళ్ల వాసన వచ్చాయి. గుక్క వేస్తే గొంతు మండింది, కోలాలో కలిపితే ఇంకా అధ్వానంగా తయారైంది. సరుకు పాడైందా, లేక దీన్ని తాగే తీరే వేరా?

సరుకు బాగుండే అవకాశమే ఎక్కువ. పచ్చిగడ్డి, ఉప్పునీళ్ల వాసనలు ఆ రమ్‌కు పుట్టుకతో వచ్చినవి. వార్నిష్ వాసన కాస్త ఉంటే సహజం, వదలకుండా పట్టుకుని ఉంటే లోపం. ఏది ఎంతో తేల్చడానికి మూతి సన్నగా ఉన్న ఒక గ్లాసు, మందుల షాపులో దొరికే సూది లేని 5 మి.లీ. సిరంజి, ఓ అరగంట తీరిక చాలు.

ముందు ఇది ఏ రమ్మో తెలియాలి. మనకు రమ్ అంటే నల్లగా, వనిల్లా, మాడిన చక్కెర వాసనతో, 42.8 శాతంతో ఉండేదే. అది మొలాసిస్ రమ్. చక్కెర తీసేశాక మిగిలే నల్లటి పాకం ఎన్ని నెలలైనా నిల్వ ఉంటుంది, ఎంత దూరమైనా ట్యాంకర్లో వెళ్తుంది. అప్పటికే ఉడికి ఉడికి ఉంటుంది కాబట్టి చెరకు పచ్చి వాసన అందులో మిగలదు. మార్టినిక్‌లో రమ్ అగ్రికోల్ అనే రకానికి చక్కెర తీయరు, చెరకు రసాన్నే పులియబెడతారు. 19వ శతాబ్దంలో యూరప్‌లో బీట్‌దుంప చక్కెర పెరిగి చెరకు చక్కెర ధర కూలిపోయినప్పుడు, ఆ ద్వీపాల్లోని చిన్న ఎస్టేట్లు రసాన్ని నేరుగా రమ్‌కు మళ్లించాయి. ఈ శైలికి మూలం అదే.

చెరకు రసం ఆగదు. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. గానుగ ఆడిన రసం ఆ పూటే పెనం ఎక్కకపోతే పులుపు తిరుగుతుంది, బెల్లం గట్టిపడదు. మార్టినిక్ బట్టీలకూ ఇదే తొందర. కోసిన గడ ఒకటి రెండు రోజుల్లో మిల్లులో పడాలి. ఆలస్యమైతే కోసిన చివరల నుంచి బాక్టీరియా చేరుతుంది, చక్కెర ఆమ్లంగా మారుతుంది, ఆ తేడా సీసా దాకా వస్తుంది. రసం పెద్ద తొట్లలో సాధారణంగా 24 నుంచి 72 గంటలు పులుస్తుంది. ఆ ఊటలో ఆల్కహాల్ 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. చెరకు పిప్పినే మండించి, ఆ ఆవిరితోనే కాలమ్ బట్టీ, అంటే పులిసిన రసాన్ని ఆవిరి చేసి రమ్ దించే నిలువు స్తంభం, నడుపుతారు.

మీ గ్లాసులోని వాసనకు అసలు కారణం ఈ బట్టీ దగ్గరే ఉంది. తేలికపాటి మొలాసిస్ తెల్ల రమ్ములను ఆల్కహాల్ 94, 95 శాతానికి చేరేలా బట్టీ నుంచి దించుతారు. అంత పైకి వెళ్తే ముడిసరుకు వాసన దాదాపు పోతుంది. మార్టినిక్‌కు 1996లో ఏఓసీ గుర్తింపు వచ్చింది, అంటే ఫ్రెంచ్ ప్రభుత్వం వైన్‌లకు ఇచ్చే ప్రాంతీయ ముద్ర. ఆ నిబంధనల ప్రకారం రమ్ బట్టీ నుంచి 65, 75 శాతాల మధ్యే దిగాలి. 100 లీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కు వాసననిచ్చే ఆవిరి పదార్థాలు కనీసం 225 గ్రాములు ఉండాలి. ఇక్కడ నియమం వాసనకు పైహద్దు పెట్టలేదు, కిందిహద్దు పెట్టింది. వాసన లేకపోవడమే లోపమని దాని అర్థం. దించాక తెల్ల రమ్‌ను స్టీలు ట్యాంకుల్లో కనీసం 6 వారాలు ఉంచుతారు. మధ్యమధ్య కలియబెడుతూ, నీళ్లు కొద్దికొద్దిగా చేరుస్తూ 50, 55 శాతానికి తెస్తారు. కొత్త సరుకులోని పచ్చి ఆపిల్ తొక్కలాంటి అసిటాల్డిహైడ్, గంధకపు వాసనలు చాలావరకు ఆ వారాల్లోనే పోతాయి. చక్కెర కలపరు, చెక్క పీపా తగలదు. చెరకు ఎలాంటిది, ఈస్ట్ ఎలా పనిచేసింది, బట్టీ ఎలా నడిచింది అన్నవి దాచడానికి ఏమీ ఉండదు. తయారీదారు పనితనాన్ని తూచడానికి పాత రమ్ కంటే తెల్ల రమ్మే నిక్కచ్చి అని నేననేది ఇందుకే.

లేబుల్ మీద ఒక మాట. పారదర్శకంగా ఉన్నంత మాత్రాన పీపా తగలనిదని కాదు. మొలాసిస్ తెల్ల రమ్ములు కొన్ని పీపాల్లో ఉండి, తర్వాత బొగ్గు వడపోతతో రంగు పోగొట్టుకున్నవే. మీ సీసా మీద ‘రమ్ అగ్రికోల్ బ్లాన్’ (బ్లాన్ అంటే తెలుపు), ‘మార్టినిక్’ అన్న మాటలు ఏఓసీ ముద్రతో ఉన్నాయా చూడండి. యూరప్ చట్టం ప్రకారం ‘అగ్రికోల్’ అనే మాట ఫ్రాన్స్ సముద్రపారపు ప్రాంతాల, మదైరా ద్వీపపు రమ్ములకే చెల్లుతుంది. ‘సుక్రెరీ’ అని ఉంటే అది మొలాసిస్‌ది, ఇక్కడ చెప్పేదేదీ దానికి వర్తించదు.

ఇక రుచి చూడటం. రోజులో ఉదయం పూట, భోజనానికి ముందు, నాలుక తేటగా ఉంటుంది. కనీసం రెండు గంటల ముందు నుంచి ఆవకాయ, పచ్చిమిరప, కాఫీ, పాన్ వద్దు. కారం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో ఏ గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా దాన్నే తడుతుంది. అప్పటికే అది రగిలి ఉంటే 50 శాతం రమ్ నిప్పులాగే ఉంటుంది. మీ గొంతు మంటలో ముందు రాత్రి కూర వాటా ఎంతో రమ్ వాటా ఎంతో చెప్పలేం. గదిలో అగరొత్తులు, దోమల బత్తి, ఒంటి మీద సెంటు ఉండకూడదు.

మే నెలలో మన గదులు 35 డిగ్రీలు దాటతాయి. ఆ వేడికి గ్లాసులోంచి ముందు ఆల్కహాల్ ఆవిరే పైకి లేచి ముక్కును కొట్టేస్తుంది, వెనకున్న వాసనలు అందవు. 20, 22 డిగ్రీలు కావాలి. ఏసీ గది లేకపోతే మూత బిగించిన సీసాను కుండనీళ్లు పోసిన గిన్నెలో 20 నిమిషాలు నిలబెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, అంత చలికి వాసన ముడుచుకుంటుంది. ఐస్ కూడా ఇదే కారణంగా వద్దు.

గ్లాసు పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా, తులిప్ పువ్వు ఆకారంలో ఉండాలి. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు. స్టీలు గ్లాసు, నిలువుగా ఉండే విస్కీ గ్లాసు పనికిరావు. ఖాళీ గ్లాసును ముందు వాసన చూడండి. అంట్ల సబ్బు, చెక్క అలమర వాసన వస్తే వేడినీళ్లతో కడిగి గాలికి ఆరబెట్టండి, గుడ్డతో తుడవకండి. 20 మి.లీ. కొలిచి పోసి, పది పదిహేను నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయండి. చాలామంది చేసే మొదటి తప్పు ఇక్కడే. పోయగానే వచ్చేది ఈథైల్ అసిటేట్, ఆల్కహాల్ ఆవిరి. మీకు వచ్చిన వార్నిష్ వాసన అదే. తేలికైనది కాబట్టి ముందు ఎగిరిపోతుంది. వైన్‌ను తిప్పినట్టు గ్లాసును గిరగిరా తిప్పితే ఆల్కహాల్ ఇంకా లేస్తుంది. ఒకసారి నెమ్మదిగా వంచి అంచులు తడిపితే చాలు.

తర్వాత గ్లాసును గడ్డం దగ్గర పట్టుకోండి, ముక్కు దగ్గర కాదు. నోరు కొద్దిగా తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ మెల్లగా పైకి తెండి. నోరు తెరిస్తే ఆల్కహాల్ అంతా ముక్కులోనే పోగుపడదు. గ్లాసు మూతి పై అంచు దగ్గర ఒక వాసన, కింది అంచు దగ్గర ఇంకో వాసన అందుతాయి, రెండూ చూడండి. ఒక్కసారి మూడు నాలుగు సెకన్లు మించి వద్దు, మధ్యలో మీ చొక్కా చేతిని వాసన చూస్తే ముక్కు మళ్లీ తేరుకుంటుంది. ఇలా మూడుసార్లు, ప్రతిసారికీ మధ్య రెండు నిమిషాలు.

వచ్చినవాటిని రాసుకోండి. ఫ్రెంచ్ వాళ్ల రుచి వర్ణనలు తెచ్చి వాటిని వెతకడం అనవసరమైన శ్రమ. వాళ్లు ఆలివ్ ఊరిన ఉప్పునీరు అంటారు. ఆలివ్ మన ఇళ్లలో ఉండదు, ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు, ఉసిరికాయలు ఉంటాయి. ఆ జాడీ మూత తీసినప్పుడు వచ్చే వాసనే మీరు చెప్పిన ఉప్పునీళ్ల వాసన. అందులో ఉప్పు లేదు, ఉప్పు ఆవిరై బట్టీ దాటదు. పులియడంలో పుట్టిన ఆమ్లాలు, అవి ఆల్కహాల్‌తో కలిస్తే వచ్చే ఎస్టర్లు అనే వాసన పదార్థాలు మన బుర్రకు ఊరగాయను గుర్తుచేస్తాయి. మంచి మార్టినిక్ తెల్ల రమ్‌లో సాధారణంగా దొరికేవి మన మాటల్లో ఇవి: అప్పుడే నమిలిన చెరకు గడ, తడి చెరకు పిప్పి, కోసిన పచ్చిగడ్డి, నిమ్మ ఆకు నలిపిన వాసన, నిమ్మతొక్క నూనె, పచ్చి అరటికాయ తొక్క, జామ, మిరియాలు, సోంపు, తొలివాన తడిపిన మట్టి. పండిన అరటి, అనాస వాసన వస్తే పులిసేటప్పుడు ఎస్టర్లు బాగా పుట్టాయని గుర్తు. వనిల్లా, కొబ్బరి, టాఫీ వాసన వస్తే మాత్రం అనుమానించండి. ఇవి పీపా నుంచో, కలిపిన ఫ్లేవర్ నుంచో వస్తాయి, పీపా తగలని తెల్ల అగ్రికోల్‌లో వీటికి చోటు లేదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మన ప్రాంతంలో దీన్ని మొదటిసారి చూసినవాళ్లు తరచూ ‘ఇది సారా వాసన’ అంటారు. ఆ పోలికలో నిజం ఉంది, పుట్టుక రెంటిదీ చెరకే. కానీ బెల్లం ఊట అప్పటికే ఉడికిన పాకం. దాన్ని నియంత్రణ లేకుండా పులియబెట్టి, తొలి ధార, చివరి ధార (బట్టీ నుంచి మొదట, చివర దిగే భాగాలు) వేరు చేయకుండా కాస్తే వచ్చే మొరటు వాసన వేరు, తాజా రసం ఇచ్చే పచ్చి వాసన వేరు. పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలని మాత్రం అనుకోవద్దు. లేబుల్ లేని సారాలో మిథనాల్ కలిసి ఉందేమో ముక్కు, నాలుక పట్టలేవు. ఇక్కడ చెప్పే పరీక్షలేవీ కూడా పట్టలేవు. ఇవన్నీ సీలు ఉన్న, సుంకం కట్టిన సీసాకే.

నోటికి వద్దాం. మొదటి చుక్క రుచి కోసం కాదు, నోటిని అలవాటు చేయడానికి. అర టీస్పూను, అంటే 2, 3 మి.లీ., నాలుకంతా పరుచుకునేలా తిప్పి మింగండి లేదా ఉమ్మేయండి. మండుతుంది. దాని మీద అభిప్రాయం పెట్టుకోకండి. ఒక నిమిషం ఆగి, ఓ గుక్క నీళ్లు తాగి, రెండోసారి 4, 5 మి.లీ. తీసుకుని ఎనిమిది పది సెకన్లు నోట్లో ఉంచండి. మింగాక నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా ఊపిరి వదలండి. అగ్రికోల్ రుచిలో సగం పైగా ఈ వెనక్కి వచ్చే ఊపిరిలోనే ఉంటుంది. ముందు చెరకు తియ్యదనం అనిపిస్తుంది. చక్కెర లేదు కాబట్టి అది నాలుక మీద నిలవదు, వెంటనే మిరియాల ఘాటులోకి, తర్వాత పచ్చి చేదులోకి జారుతుంది. ఆ చేదు నిమ్మతొక్క కొరికినట్టు శుభ్రంగా ఉంటే మంచిది. మందుబిళ్ల కరిగినట్టు గొంతులో పట్టుకుంటే బట్టీలో బరువైన ఆల్కహాళ్లు ఎక్కువ దిగాయని గుర్తు. రుచి ఎంతసేపు నిలిచిందో గడియారం చూడండి. మంచి సరుకులో చెరకు, మిరియం ఒక నిమిషం దాటి ఉంటాయి.

ఇప్పుడు సిరంజి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే, ఎక్కువ తెలిసేదీ ఇక్కడే. నీళ్లు ఆర్‌ఓవి కానీ సీసావి కానీ వాడండి. కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో సున్నం వాసనను చెడగొడతాయి. 20 మి.లీ. 50 శాతం రమ్‌ను 45కు తేవాలంటే 2.2 మి.లీ. నీళ్లు, 40కి 5 మి.లీ., 35కు 8.6 మి.లీ. 55 శాతం సీసా అయితే 50కి 2 మి.లీ., 45కు 4.4, 40కి 7.5. సూత్రం తేలికే: రమ్ పరిమాణాన్ని దాని శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగిస్తే మొత్తం పరిమాణం వస్తుంది, అందులోంచి రమ్ తీసేస్తే నీళ్లు. తాగి తగ్గిన గ్లాసుకు కాదు, కొలిచి కొత్తగా పోసిన గ్లాసుకే ఈ లెక్క.

ఒక్కసారే పోయకండి. ముందు 45కు తెచ్చి, అయిదు నిమిషాలు ఆగి వాసన చూడండి. గడ్డి, నిమ్మతొక్క ఎక్కువమందికి 43, 46 శాతాల మధ్య బాగా విచ్చుకుంటాయి. 40 దగ్గర అరటి, జామ లాంటి పండ్లు ముందుకొచ్చి మిరియం తగ్గుతుంది. 35కు దిగాక లోపాలు బట్టబయలవుతాయి. తయారీ సంస్థల్లో రుచి చూసేవాళ్లు మద్యాన్ని ఇంకా కిందికి, 20 శాతం దగ్గరికి దించి చూసేది అందుకే, ఆల్కహాల్ చాటున దాక్కోవడానికి ఏమీ ఉండదు. నీళ్లు పడ్డాక గ్లాసు కాస్త మసకబారితే కంగారు పడకండి. బరువైన కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు బలమైన ఆల్కహాల్‌లో కరిగి ఉంటాయి, ఆల్కహాల్ తగ్గినా చల్లబడినా విడిపోయి మసకగా కనిపిస్తాయి. గట్టిగా వడకట్టని రమ్ అని అర్థం, మంచి గుర్తే.

రెండు చిన్న పరీక్షలు. అరచేతిలో రెండు చుక్కలు వేసి రెండు చేతులూ రుద్దండి. అర నిమిషంలో ఆల్కహాల్ ఎగిరిపోతుంది. మిగిలేది చెరకు పిప్పి, గడ్డి, తేనె లాంటి వాసన అయితే సరుకు మంచిది. పుల్లటి చెమట వాసన, తడి కుక్క వాసన మిగిలితే చివరి ధార ఎక్కువ కలిసింది. రెండోది, ఖాళీ గ్లాసును కడగకుండా రాత్రంతా ఉంచి పొద్దున వాసన చూడటం. మంచి అగ్రికోల్ గ్లాసులో గానుగ దగ్గర ఎండిన పిప్పి వాసన తెల్లారేదాకా నిలుస్తుంది.

మీ అసలు అనుమానం, లోపం సంగతి. వార్నిష్, గోళ్ల రంగు తీసే ద్రవం వాసన 20 నిమిషాలు ఆగాక, 40 శాతానికి దించాక కూడా మిగతా అన్నిటి కంటే ముందే ఉంటే ఈథైల్ అసిటేట్ హద్దు దాటిందని అర్థం. ఊటలో వెనిగర్ బాక్టీరియా చేరినా, తొలి ధార సరిగా తీయకపోయినా ఇలా అవుతుంది. మీ సీసాలో అది పావుగంటకే తగ్గి గడ్డి వాసనకు దారి ఇస్తే లోపం లేదు. కుళ్లిన గుడ్డు, రబ్బరు, ఉడికిన క్యాబేజీ వాసన అయితే గంధకం, బట్టీలో రాగి స్పర్శ చాలకపోతే వస్తుంది. నిర్ధారణకు ఒక దారి ఉంది. వేరే గ్లాసులో 10 మి.లీ. పోసి, గీకి మెరిపించిన చిన్న రాగి తీగ ముక్క వేసి కొన్ని నిమిషాలు తిప్పండి. వాసన తగ్గితే గంధకమే. ఆ రమ్ తాగకుండా పారబోయండి. పాచిపోయిన వెన్న, వాంతి వాసన బ్యూటిరిక్ ఆమ్లానిది. పాతబడిన గడలు, మురికి తొట్లు దానికి కారణం. ఇదే ఆమ్లం ఆల్కహాల్‌తో కలిసి ఎస్టర్‌గా మారితే అనాస వాసన అవుతుంది, అందుకే మంచి బట్టీల సరుకులో కూడా దీని నీడ ఒక్కోసారి కనిపిస్తుంది. నీడ వరకు సరే. అన్నిటికన్నా చెడ్డది అక్రోలిన్, ఆవపిండి ఘాటులా కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. పులిసేటప్పుడు బాక్టీరియా గ్లిజరాల్‌ను చెడగొడితే పుడుతుంది. ఆల్కహాల్ ఘాటు నీళ్లు పోస్తే తగ్గుతుంది, ఇది 35 శాతంలో కూడా కళ్లకు తగులుతుంది. అలా ఉంటే ఆ సీసా పక్కన పెట్టండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే తప్పు రమ్‌ది కాదు, బిరడాది.

మీకు ఇంకో సీసా కొనే ఆలోచన ఉంటే, ఒక్కదాన్నే తాగుతూ నేర్చుకోవడం కంటే పక్కన పోలిక పెట్టుకుని నేర్చుకోవడం వేగం. మూడు గ్లాసులు, ఒక్కోదాంట్లో 15 మి.లీ.: ఏదైనా మొలాసిస్ తెల్ల రమ్, ఒక బ్రెజిల్ కషాసా, మీ మార్టినిక్ రమ్. శాతం తక్కువదాని నుంచి ఎక్కువదానికి వెళ్లండి. కషాసా కూడా చెరకు రసం సరుకే, కానీ 38, 48 శాతాల మధ్య ఉంటుంది, లీటరుకు 6 గ్రాముల దాకా చక్కెర కలపడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అందుకే మెత్తగా అనిపిస్తుంది. మొలాసిస్ తెల్ల రమ్ పక్కన పెట్టి చూస్తే అగ్రికోల్‌లో పచ్చిదనం ఎంతో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మూడు కలిపి 45 మి.లీ., శుద్ధ ఆల్కహాల్ 15, 17 గ్రాములు. ఒక పూటకు అంతకు మించవద్దు, నాలుక కూడా నాలుగో గ్లాసు నుంచి నిజం చెప్పదు. ఉమ్మేస్తూ చూస్తే ఇంకా మంచిది, ఆ తర్వాత బండి తాళం ముట్టుకోకండి.

మార్టినిక్‌లోనే తేడాలు చాలా ఉన్నాయి. ఉత్తరాన పెలే అగ్నిపర్వతం కింద మకూబాలో జేఎం అనే రమ్ సంస్థ ఉంది. సాధారణంగా నిమ్మతొక్క, పండు ముందుకొచ్చే శైలి. పడమటి తీరంలో కార్బేలో నెసోన్ చిన్న కుటుంబ సంస్థ, ఉప్పులో ఊరిన కాయల వాసన, మిరియం బలంగా కావాలంటే అదే. క్లెమాన్ అనే సంస్థ వాళ్లు ‘నీలి చెరకు’ అనే ఒక్క రకం గడతోనే చేసే సీసా ఒకటి ఉంది, చెరకు రకం వల్ల వచ్చే తేడా తెలుసుకోవాలంటే దాన్ని వాళ్ల మామూలు తెల్ల రమ్ పక్కన పెట్టండి. పక్క ద్వీపం గ్వాడలూప్‌కు చెందిన మారీ గలాంత్‌లో 59 శాతం మామూలు సంగతి. వాటితో మొదలుపెట్టకండి. హైతీలో క్లెరాన్ అనే చెరకు రసం మద్యం ఉంది. చిన్న చిన్న బట్టీలు, ఈస్ట్ కలపకుండా గాలిలోని సూక్ష్మజీవులతోనే పులిసే ఊట. మార్టినిక్ రమ్‌తో ముక్కుకు చదువు అయ్యాక దాన్ని చూడండి.

కోలా సంగతి. కోలాలోని వనిల్లా, క్యారమెల్ తియ్యదనం నల్ల రమ్‌తో కలిసిపోతుంది, ఊరగాయ, గడ్డి వాసనలతో కొట్లాడుతుంది. మార్టినిక్‌లో దీన్ని తాగేది టి పంచ్‌గా. ‘టి’ అంటే అక్కడి క్రియోల్‌లో చిన్నది అని. గ్లాసులో ఒక టీస్పూను చెరకు పాకం, నిమ్మకాయ పక్క నుంచి రూపాయి బిళ్లంత కోసిన ముక్క, కాస్త గుజ్జు అంటుకుని ఉండాలి. ముక్కను పాకం మీద పిండి, తొక్క నూనె చిమ్మేలా నలిపి అందులోనే వేయండి. 50 మి.లీ. రమ్ పోసి తిప్పండి. ఐస్ లేకుండా. అంతే. నిమ్మరసం ఎక్కువ పిండటం మనవాళ్లు చేసే తప్పు. మన కాగితపు నిమ్మ పులుపు ఘనం, ఇక్కడ కావలసింది రసం కాదు, తొక్క నూనె. చెరకు పాకం దొరకకపోతే 100 గ్రాముల చక్కెర 50 మి.లీ. వేడి నీళ్లలో కరిగించి చల్లార్చండి. బెల్లం పాకం వేద్దామనిపిస్తుంది, కానీ బెల్లంలోని ఉడికిన వాసన తాజా చెరకు వాసనను కప్పేస్తుంది. అక్కడ ఇంటికొచ్చినవాళ్ల ముందు సీసా, నిమ్మకాయ, పాకం పెడతారు, ఎవరిది వాళ్లే కలుపుకుంటారు. పక్కన ఉప్పుచేపల బజ్జీలు ఉంటాయి. తర్వాత భోజనంలో ‘కొలంబో’ అనే మసాలా కూర వస్తుంది. 1848లో బానిసత్వం రద్దయ్యాక, 1853 నుంచి చెరకు తోటల కోసం పుదుచ్చేరి మీదుగా తీసుకెళ్లిన దక్షిణ భారత కూలీలు, ఎక్కువగా తమిళులు, ఆ వంటను అక్కడికి తీసుకెళ్లారు.

సీసాను నిలబెట్టి ఉంచండి, పడుకోబెడితే 50 శాతం ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ తగలకూడదు. సగానికి దిగాక మిగిలింది ఏడాది పాటు అలాగే ఉంటే ముందు నిమ్మతొక్క, గడ్డి వాసనలే పోతాయి, కాబట్టి శుభ్రమైన చిన్న గాజు సీసాలోకి అంచు దాకా మార్చి మూత బిగించండి. ప్లాస్టిక్ వద్దు. ఇప్పుడు మీ సీసాతో మళ్లీ ఒకసారి, పొద్దున పూట, 20 మి.లీ. పోసి పావుగంట ఆగి, 45కు దించి చూడండి. వార్నిష్ తగ్గిందా లేదా, ఊరగాయ జాడీ వాసన నిలిచిందా, పొద్దుటి ఖాళీ గ్లాసులో ఏముంది, ఈ మూడూ రాసి పంపితే సీసాలో లోపం ఉందో లేదో ఖాయంగా చెప్పవచ్చు.